సమాధానం: రోగ్ డ్యామేజ్ ముట్టుకోకండి, స్టన్ లెక్క మార్చండి

అన్నా, మీ గేమ్‌లో రోగ్ (చాటుగా దాడి చేసే పాత్ర) ముందు 4 సెకన్లు, వెంటనే ఇంకో 6 సెకన్లు స్టన్ చేస్తే (ఏమీ చేయనీకుండా ఆపేస్తే) 1000 హెల్త్ ఉన్న మేజ్ (మాంత్రికుడు) ఒక్క బటన్ కూడా నొక్కకుండానే చస్తున్నాడు, రోగ్ డ్యామేజ్ తగ్గించాలా అని అడిగారు. వద్దు. తగ్గిస్తే కవచం తొడిగిన వారియర్ ముందు రోగ్ దేనికీ పనికిరాడు. రేపు రోగ్ ఆడేవాళ్ల గోల మొదలవుతుంది.

మీరిచ్చిన అంకెలే చూడండి. సెకనుకు 120 డ్యామేజ్ చొప్పున 10 సెకన్లకు 1200, మేజ్ పోయినట్టే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో ఏళ్లుగా నడిచిన పద్ధతి పెట్టండి: ఒకే రకం స్టన్ మళ్లీ పడితే రెండోది సగం, మూడోది పావు, నాలుగోది అసలు పట్టదు. అప్పుడు 4, 3 కలిపి 7 సెకన్లు, అంటే 840. మిగిలిన 160 హెల్త్‌తో మేజ్ బ్లింక్ (క్షణంలో కాస్త దూరం వెళ్లిపోయే మంత్రం) కొట్టి జారుకోవచ్చు.

తప్పు జరిగేది టైమర్ దగ్గర. ఈ సగం, పావు లెక్క మళ్లీ మొదటికి రావడానికి 18 సెకన్లు పెట్టారనుకోండి, స్టన్ వేసినప్పటి నుంచి కాదు, దిగినప్పటి నుంచి లెక్కించాలి. కాళ్లు కట్టేసే రూట్‌ని స్టన్ ఖాతాలో కలపొద్దు. కలిపితే మీ వారియర్ వేసిన రూటే మీ రోగ్ స్టన్‌ని సగం చేసేస్తుంది.

సర్వర్ సింగపూర్‌లో, ఆడేది కూకట్‌పల్లి హాస్టల్ వైఫైలో అన్నారు కదా, నొక్కింది సర్వర్‌కి చేరడం ఆలస్యమవుతుంది, అందుకే స్టన్ చివరి 0.4 సెకన్లలో నొక్కిన బటన్‌ని పారేయకుండా క్యూలో ఉంచండి. "నొక్కినా పడలేదు" గొడవ చాలావరకు ఇదే.

50 మ్యాచ్‌ల్లో 30 రోగ్ గెలిచినా కంగారొద్దు, అది అదృష్టమే కావచ్చు. ఆటగాళ్లను అటూ ఇటూ మార్చి కనీసం 200 ఆడించండి.