నీ పే స్లిప్ ఎందుకు దాచావు?

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా చేసే యుద్ధాలు వద్దంటూ నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. ఈ ఉత్తరం ‘మీరు’ అనే మొదలుపెట్టాను. నీ రెండో పేజీకి వచ్చేసరికి కోపమొచ్చి ‘నువ్వు’లోకి దిగిపోయాను. మా చిన్నమ్మాయి కంటే చిన్నదానివి కాబట్టి ఏమీ అనుకోవులే.

కోపం తెప్పించిన వాక్యం ఇది: “2003లో ఇరాక్‌లో యుద్ధం వచ్చింది.” వచ్చిందా? దివిసీమకి ఉప్పెన వచ్చినట్టు దానంతటది వచ్చిందా? 2002 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభలో 296 మంది సరే అన్నారు, 133 మంది వద్దన్నారు. సెనేట్‌లో 77 మంది సరే అన్నారు, 23 మంది వద్దన్నారు. ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా రికార్డులో ఉంది. 2003 మార్చిలో బుష్ ఆజ్ఞ ఇచ్చాడు. ఇంతమంది కూర్చుని ఆలోచించి చేసిన పనిని నువ్వు వాతావరణ సూచనలా రాశావు. పేజీ తిప్పితే కాబూల్ మీద “బాంబుల వర్షం కురిసింది”. మళ్ళీ వానే!

అయిదో పేజీలో పూనకం వచ్చి “అమెరికాది తీరని రక్తదాహం” అన్నావు. ఒహాయోలో టైర్లు అమ్ముకునేవాడికి రక్తదాహం ఏమిటమ్మా? వాడి దగ్గర పన్ను పట్టుకున్నారు, వాడి పక్కింటి కుర్రాణ్ణి ఇరాక్‌లో ఫల్లూజా పంపారు. చివరి పేరాలో “నేను లిబర్టేరియన్‌ని” అని ప్రకటించుకున్నావు (మనిషి స్వేచ్ఛే ముఖ్యం, ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి అనే మన వాదం). అలాంటప్పుడు ముందు ఒప్పుకోవాల్సింది ఇదే: దేశాలు ఏ పనీ చెయ్యవు, మనుషులు చేస్తారు. సంతకం ఒకరిది, డబ్బు ఇంకొకరిది, ప్రాణం మరొకరిది. ముగ్గుర్నీ కలిపి ‘అమెరికా’ అనేస్తే సంతకం పెట్టినవాడు హాయిగా తప్పించుకుంటాడు.

నువ్వు ఉంటున్న టెక్సస్ నుంచే ప్రతినిధుల సభకి ఎన్నికైన రాన్ పాల్ 2002లో చేసిన పని నీకు తెలియాలి. యుద్ధం ప్రకటించే అధికారం అమెరికా రాజ్యాంగం కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి ఇచ్చింది, అధ్యక్షుడికి కాదు. ఆ అధికారాన్ని కాంగ్రెస్ చివరిసారి వాడింది 1942 జూన్‌లో. కొరియా, వియత్నాం, ఇరాక్, ఏదీ ప్రకటించిన యుద్ధం కాదు. రాన్ పాల్ కమిటీలో ఇరాక్ మీద యుద్ధ ప్రకటన తీర్మానం తానే పెట్టి, దానికి తానే వ్యతిరేకంగా ఓటేస్తానన్నాడు. కావాలంటే సూటిగా ప్రకటించండి, పేరు పెట్టుకోండి, బాధ్యత తీసుకోండి అని. ఎవరూ ఆ పని చెయ్యలేదు.

నీ వ్యాసం కంటే దానికి జతచేసిన ఈమెయిల్ బాగుంది. డైనింగ్ హాల్లో పళ్ళాలు కడిగి తెచ్చుకున్న మొదటి పే స్లిప్‌లో ఫెడరల్ ట్యాక్స్ కోత చూసి, “ఈ డబ్బు దేనికి పోతుందో అనుకుంటూ అరగంట కూర్చున్నాను” అని రాశావు. ఆ పే స్లిప్ వ్యాసంలో లేదేం? దాన్ని ఈమెయిల్లో పారేసి, వ్యాసంలోకి వసుధైవ కుటుంబకం తెచ్చిపెట్టావు.

ఆ కోత ఎక్కడిదో తెలుసా? జీతం చేతికి రాకముందే పన్ను పట్టేసే పద్ధతి అమెరికాలో 1943లో, రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా వచ్చింది. అంతకుముందు ఒక ఏడాది సంపాదనకి మరుసటి ఏడాది వాయిదాల్లో ఎవరికి వాళ్ళే కట్టేవారు. కట్టేటప్పుడు నొప్పి తెలిసేది. యుద్ధానికి ముందు ఆదాయపన్ను కట్టేవాళ్ళు సుమారు 40 లక్షలు, యుద్ధం ముగిసేసరికి 4 కోట్లు దాటారు. అంతమంది వెంటపడి వసూలు చెయ్యడం కుదరదని ఈ ఏర్పాటు. దీని మీద పనిచేసిన ట్రెజరీ ఉద్యోగుల్లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకడు. అవును, తర్వాత జీవితమంతా ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని వాదించిన ఆ ఫ్రీడ్‌మనే! భార్య రోజ్ ఆ సంగతెత్తి ఆయన్ని దెప్పుతూ ఉండేది. యుద్ధం 1945లో అయిపోయింది. కోత మాత్రం నీ పే స్లిప్ దాకా నడిచొచ్చింది. (టీడీఎస్ కట్ అయినప్పుడల్లా మీ నాన్నగారు విసుక్కుంటారని రాశావుగా, ఈ కథ ఆయనకీ చెప్పు.)

యుద్ధమే రాజ్యానికి ఆరోగ్యం అన్న అమెరికన్ రచయిత రాండాల్ఫ్ బోర్న్ మాటని నువ్వు వ్యాసం నెత్తిన కిరీటంలా పెట్టి వదిలేశావు. ఆయన 1918లో ఫ్లూతో పోయాడు, ఆ మాట రాసిన వ్యాసం అసంపూర్తిగా మిగిలిపోయింది. దాన్ని పూర్తిచేసే పని నీలాంటివాళ్ళది, అదీ అంకెలతో. 1913లో ఆదాయపన్ను పై స్లాబు 7 శాతం. 1918లో 77 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, విశేషణాలక్కర్లేదు.

నేను న్యూజెర్సీ వచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున్నే ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. అమ్మ పక్కింటివాళ్ళ హాల్లో ఫోన్ దగ్గర కూర్చుని ఎదురుచూసేది. నెలాఖరుకి బిల్లు చూస్తే గుండె గుభేల్‌మనేది. అడుగున చిన్నక్షరాల్లో ఫెడరల్ ఎక్సైజ్ ట్యాక్స్, 3 శాతం. ఇదేమిట్రా అని లైబ్రరీలో కూర్చుని తవ్వితే 1898 దాకా పోయింది. స్పెయిన్‌తో యుద్ధానికి డబ్బు కావాలని దూరపు కాల్స్ మీద వేసిన పన్ను అది. అప్పట్లో ఫోన్ ఉన్నది డబ్బున్నవాళ్ళకే గనక ఎవరూ కిక్కురుమనలేదు. యుద్ధం నాలుగు నెలల్లో ముగిసింది. పన్నుని 1902లో తీసేశారు, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మళ్ళీ తెచ్చారు, వియత్నాం పేరు చెప్పి 1966లో 10 శాతం చేశారు. ఆ యుద్ధం నచ్చనివాళ్ళు కొందరు బిల్లులో ఆ ఒక్క భాగం కట్టకుండా ఎగ్గొట్టేవారు. దూరపు కాల్స్ మీద అది 2006లో గానీ పోలేదు. మా అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పిన ప్రతి నిమిషానికీ నేను స్పెయిన్ యుద్ధం పన్ను కట్టాను.

ఆ యుద్ధం గురించే యేల్ ప్రొఫెసర్ విలియం గ్రాహం సమ్నర్ 1899లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. గెలిచింది స్పెయినే అన్నాడు. స్పెయిన్ దగ్గర ఫిలిప్పీన్స్ తీసుకుని, దాంతోపాటు స్పెయిన్ సామ్రాజ్య బుద్ధి కూడా తెచ్చుకున్నామని. మన వాదానికి మూలపురుషుల కోసం నువ్వు వాషింగ్టన్, జెఫర్సన్, జాన్ క్విన్సీ ఆడమ్స్‌ల కొటేషన్లతో పేజీన్నర నింపావు. ఒకటి ఉంచి మిగతావి కొట్టెయ్. సమ్నర్‌ని తీసుకురా.

ఇక నువ్వు అసలు ముట్టుకోనే ముట్టుకోని వాదం. సద్దుద్దేశంతో వెళ్ళినా ఈ పని ఎందుకు చెడుతుంది? నువ్వు అందర్నీ దుర్మార్గుల్ని చేసి తేలిగ్గా తప్పించుకున్నావు. ఎక్కడి అవసరం అక్కడివాళ్ళకే తెలుస్తుంది, దాన్నంతా పైన కూర్చున్న ఒక ఆఫీసు పోగుచెయ్యలేదు అని ఆర్థికవేత్త హయెక్ 1945లో చెప్పాడు. కాన్సస్‌లో బడి నడపడం వాషింగ్టన్‌లోని ప్రభుత్వం వల్ల కాదని నమ్మేవాళ్ళే, కాందహార్‌లో దేశం నిర్మించగలరని నమ్మితే ఎలా? అఫ్ఘాన్ పునర్నిర్మాణానికి 14,500 కోట్ల డాలర్లు కేటాయించారు. దాని మీద నిఘాకి అమెరికా ప్రభుత్వమే పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలున్నాయి, చదువు. అఫ్ఘాన్ వైమానిక దళానికి ఇటలీలో తయారైన పాత జీ222 రవాణా విమానాలు 20 కొన్నారు, కార్యక్రమం ఖర్చు సుమారు 50 కోట్ల డాలర్లు. వాటిలో 16ని చివరికి పౌను ఆరు సెంట్ల లెక్కన తుక్కు కింద అమ్మితే వచ్చింది 32 వేల డాలర్లు. సైనికుల యూనిఫాం కోసం అక్కడి మంత్రిగారు ఇంటర్నెట్‌లో చూసి అడవి డిజైన్ ఎంచుకున్నారు. దేశంలో అడవి 2 శాతం! దీంట్లో దుర్మార్గం వెతుక్కోనక్కర్లేదు. ఇంకొకడి డబ్బుతో, ఇంకొకడి దేశంలో, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని పని ఇలాగే నడుస్తుంది.

ఈ వాదం తెలుగులో అచ్చు కావడం కష్టం, ముందే చెప్తున్నా. 2003లో నేనొక వ్యాసం రాశాను. సగం మార్కెట్ స్వేచ్ఛ గురించి, సగం ఇరాక్ యుద్ధం వద్దని. రెండూ ఒకే సూత్రమని దాని సారాంశం. ఒక ఎడిటర్‌గారు మార్కెట్ సగం కొట్టేసి, మిగిలిన సగంలో మూడు చోట్ల ‘సామ్రాజ్యవాదం’ తన చేత్తో చేర్చి వేశారు. ఇంకో ఎడిటర్‌గారు యుద్ధం సగం తీసేసి, మిగతాది బడ్జెట్ ప్రత్యేక సంచికలో వేశారు. అంకెలు కూడా తగ్గించారు, “పాఠకులకి బోర్ సార్” అని. రెండు చోట్ల అచ్చయిన వ్యాసానికి ఒక్క పారితోషికమైనా రాలేదు. ఇప్పటివాళ్ళు ఇంకా నయం, చదవకుండానే తిప్పి పంపుతున్నారు.

“మరి సద్దాం కువైట్‌ని ఆక్రమిస్తే చూస్తూ ఊరుకోవాలా?” అని నువ్వే అడిగి నువ్వే జవాబు చెప్పకుండా దాటేశావు. గట్టి ప్రశ్న అది. 1990 ఆగస్టులో కడప, గోదావరి జిల్లాల వాళ్ళెందరో అన్నీ అక్కడే వదిలేసి జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా ఎడారి దాటి, ఎయిరిండియా విమానాలెక్కి తిరిగొచ్చారు. వాళ్ళకి సద్దాం చేసిన అన్యాయాన్ని చిన్నది చెయ్యకు. కానీ కథని 1990లో మొదలుపెట్టకు. 1953లో ఇరాన్‌లో ప్రధాని మొసాద్దెఖ్‌ని దించడంలో సీఐఏ చెయ్యి ఉంది. అక్కడి రాజు షా పాలన మీద కసి 1979లో బద్దలైంది. ఆ కొత్త ఇరాన్‌కి విరుగుడుగా 1980లలో సద్దాంకి వాషింగ్టన్ సాయం చేసింది. ఆ సద్దాం కువైట్ మీద పడ్డాడు. అతణ్ణి ఆపడానికి సౌదీలో దిగిన అమెరికా సైన్యం యుద్ధం అయ్యాక కూడా అక్కడే ఉండిపోయింది. ఆ సైన్యం మీదే బిన్ లాడెన్ 1996లో యుద్ధం ప్రకటించాడు. ప్రతి జోక్యమూ తర్వాతి జోక్యానికి కారణం కనిపెట్టి ఇచ్చింది. 2007లో సౌత్ కరోలినాలో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థుల డిబేట్‌లో రాన్ పాల్ ఈ ముక్కే అంటే, ఇంకో అభ్యర్థి జూలియానీ మాట వెనక్కి తీసుకోమన్నాడు, హాలంతా చప్పట్లు కొట్టింది. కారణం చెప్పడం, సమర్థించడం ఒకటి కాదని ఆ హాల్లో ఎవరికీ పట్టలేదు. నీ పాఠకుడికీ ముందు పట్టదు, ఓపిగ్గా రాయి.

హిట్లర్ సంగతేమిటని కూడా అడుగుతారు. 1917లో అధ్యక్షుడు విల్సన్ మొదటి ప్రపంచయుద్ధంలో జోక్యం చేసుకోకపోతే వెర్సయ్ సంధి ఉండేది కాదు, హిట్లర్ వచ్చేవాడు కాదు అని మనవాళ్ళు కొందరు గొప్పగా చెప్తారు. నాకు అంత నమ్మకం లేదు, జరగని చరిత్రకి సాక్షులుండరు. నువ్వు ఆ దారి పట్టకు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది, కాంగ్రెస్ యుద్ధం ప్రకటించింది. ఆత్మరక్షణని మనం కాదనలేదు, అంతే చెప్పు.

ఒక్క వాక్యం మాత్రం తప్పకుండా తీసెయ్: “అమెరికా తన గడప దాటకూడదు.” దాటకూడనిది సైన్యం. సరుకులు దాటాలి, పుస్తకాలు దాటాలి, నీలాంటి పిల్లలు దాటాలి. జెఫర్సన్ 1801లో అందరితో వ్యాపారం, స్నేహం అన్న తర్వాతే ఎవరితోనూ చిక్కుముడి పొత్తులొద్దన్నాడు. యుద్ధాలొద్దంటూనే సుంకాలు పెంచి వీసాలు ఆపేవాళ్ళు వేరే జాతి. వాళ్ళ పక్కన నిలబడి ఫోటో దిగకు.

ఉక్రెయిన్ గురించి అడిగావు. దానికి ఇంకో ఉత్తరం కావాలి, ఇవాళ ఓపిక లేదు. వీసా మీద ఉండి ఇలాంటివి రాయొచ్చా అన్నది లాయర్ని అడుగు, రచయితల్ని కాదు.

1971లో నిక్సన్ బంగాళాఖాతంలోకి పంపిన ఎంటర్‌ప్రైజ్ జలాంతర్గామి కాదు, విమాన వాహక నౌక. సరిచెయ్. వ్యాసం సగానికి తగ్గించి నెలాఖరులోగా పంపు. పీడీఎఫ్ వద్దు. అక్షరాలు పెద్దవి చేసుకుంటే గానీ నాకు కనబడవు, వర్డ్ ఫైల్ పెట్టు.