పాఠకుల ప్రశ్నలు: చైనా చక్రవర్తుల కొలువులో పరదేశులు

ప్రశ్న (తెనాలి నుంచి ఒక పాఠకురాలు): పూర్వం చైనా ఆస్థానంలో మన దేశపు జ్యోతిష్కులు పెద్ద పదవుల్లో ఉండేవారట. సున్నాను అక్కడికి తీసుకెళ్లింది వాళ్లేనా? అయితే అది అక్కడ ఎందుకు నాటుకోలేదు?

జవాబు: ఉండేవారు. తాంగ్ వంశం పాలించిన రోజుల్లో గౌతమ, కాశ్యప, కుమార అనే మూడు భారతీయ కుటుంబాలు ఖగోళ గణనలో పేరుమోశాయి. వీటిలో గౌతమ వారు తరతరాలుగా రాజధాని చాంగాన్‌లోని ప్రభుత్వ ఖగోళ శాఖలోనే ఉద్యోగం చేశారు. చైనీయుల నోట ఆ ఇంటిపేరు 'ఛూతాన్' అయింది. 776లో చనిపోయిన గౌతమ జువాన్ సమాధి 1977లో ఇప్పటి షియాన్ దగ్గర బయటపడింది. అతను ఆ శాఖకు అధిపతి అని అందులోని రాతి ఫలకం చెబుతోంది.

ఆ పదవి ఎంత బరువైనదో తాంగ్ శిక్షాస్మృతి చూస్తే అర్థమవుతుంది. ఆకాశాన్ని కొలిచే పరికరాలను, నక్షత్ర శకునాల పుస్తకాలను మామూలు మనిషి ఇంట్లో ఉంచుకుంటే రెండేళ్ల కఠిన శిక్ష పడేది. గ్రహణం రాకను ముందే పట్టగలిగినవాడు, చక్రవర్తిని దైవం విడిచిందని జనంలో పుకారు లేపగలడు కదా! అంతటి రాజరహస్యం ఒక పరదేశ కుటుంబం చేతిలో ఉండేది.

ఈ వంశంలోని గౌతమ సిద్ధ 718లో షువాన్‌జోంగ్ చక్రవర్తి ఆజ్ఞ మేరకు మన గణన పద్ధతిని 'జ్యూజి లీ' పేరుతో చైనీయంలోకి తెచ్చాడు. జ్యూ అంటే తొమ్మిది, జి అంటే పట్టుకోవడం, లీ అంటే పంచాంగ గణితం. 'నవగ్రహ' అన్న మాటను అలా విడగొట్టి అనువదించారు. 'గ్రహణం పట్టింది' అనే మనకు ఆ 'పట్టు' ఎక్కడిదో విడమరచి చెప్పనక్కర్లేదు. రాహువు అక్కడ 'లోహౌ' అయ్యాడు, కేతువు 'జిదూ' అయ్యాడు.

సూర్యుడు రోజుకు ఒక భాగ నడుస్తాడన్న లెక్కతో చైనీయులు వృత్తాన్ని 365¼ భాగలు చేసేవారు. సిద్ధ ఇచ్చింది మన 360 భాగల (డిగ్రీల) వృత్తం. దాన్ని కళల్లోకి (భాగలో అరవయ్యో వంతు ఒక కళ) మారిస్తే 21,600. ఆ చుట్టుకొలతకు వ్యాసార్ధం 3,438 కళలు. ఈ వ్యాసార్ధంతో, 3 భాగల 45 కళలకు ఒకటి చొప్పున 24 జ్యాల (సైన్ విలువల) పట్టిక ఇచ్చాడు. మొదటిది 225, ఆఖరుది 3,438. మన సూర్యసిద్ధాంతంలో ఉన్నవీ ఈ విలువలే. తొమ్మిది అంకెలు రాసే తీరు వివరించి, ఖాళీ స్థానం వచ్చిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టాలన్నాడు. ఆ చుక్కే సున్నా.

నాటుకోకపోవడానికి మొదటి కారణం పనిముట్టు. చైనా గణకులు లెక్కలు రాసేవారు కాదు, పుల్లలు పేర్చి చేసేవారు. అక్కడ ఖాళీ స్థానాన్ని ఖాళీగా వదిలేస్తే సరిపోతుంది, గుర్తుతో పనిలేదు. రెండోది పరీక్ష. యీషింగ్ అనే బౌద్ధ భిక్షువు తయారుచేసిన 'దాయాన్' పంచాంగం 729లో అమల్లోకి వచ్చింది. ఆ సవరణ పనిలో తనకు చోటివ్వలేదని గౌతమ జువాన్ కినుక వహించాడు. అది జ్యూజి లీకి నకలనీ, అదీ అసంపూర్ణమనీ 733లో ఆరోపించాడు. వేధశాల నమోదు పుస్తకాలు తెప్పించి సరిచూశారు. పదింట దాయాన్ 7, 8 సార్లు సరిపోయింది. పాత 'లిన్‌దె' పంచాంగం 3, 4. జ్యూజి 1, 2 మాత్రమే. ఆరోపించినవాళ్లదే తప్పని తేల్చారు. ఒక్క పరీక్షతో పక్కకుపోయిన ఆ జ్యాపట్టిక విలువ పంచాంగం కంటే పెద్దదని నా అభిప్రాయం.

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక విద్యార్థి): 755లో ఆన్ లూషాన్ తిరగబడ్డాడు కదా. పరదేశులకు సైన్యం అప్పగించడమే తాంగ్ పాలకుల పొరపాటా?

జవాబు: పరదేశులకివ్వడం కాదు, ఒక్కడికే అంత ఇవ్వడం పొరపాటు. సరిహద్దులో గెలిచిన చైనీయ అధికారులు రాజధానికి తిరిగొచ్చి మంత్రులయ్యేవారు. ఆ పోటీ తనకు తప్పాలని ప్రధానమంత్రి లీ లిన్‌ఫు ఒక ఉపాయం పన్నాడు. పరదేశ సేనానులు ధైర్యవంతులు, ఆస్థానంలో వాళ్లకు వర్గాలుండవు, కాబట్టి వాళ్లనే పెట్టమని చక్రవర్తికి చెప్పాడు. ఆన్ లూషాన్ తండ్రి మధ్య ఆసియాకు చెందిన సోగ్దియన్, తల్లి తురుష్క జాతి స్త్రీ. అతని చేతికి ఫాన్‌యాంగ్, పింగ్‌లూ, హదోంగ్ అనే మూడు సరిహద్దు సేనలు వచ్చాయి. 742 నాటి లెక్కల్లో వాటి బలం వరుసగా 91,400, 37,500, 55,000. మొత్తం 1,83,900. అప్పుడు సరిహద్దుల్లో ఉన్న సైన్యమంతా కలిపి 4,90,000. గుర్రాలు, జీతాలు, నియామకాలు అన్నీ అతని గుప్పిట్లోనే ఉండేవి.

అవతల చక్రవర్తి పక్షాన ఎవరున్నారో కూడా చూడండి. 747లో పామీర్ పర్వతాలు దాటి గిల్గిత్ ప్రాంతాన్ని జయించిన గావ్ షియెన్‌జి కొరియా సంతతివాడు. రాజధానికి దారి కాచే తోంగ్‌గ్వాన్ కనుమకు వెనక్కి తగ్గినందుకు, ఒక నపుంసక అధికారి ఫిర్యాదు మీద, ఆస్థానమే అతన్ని చంపించింది. తర్వాత ఆ కనుమను కాసింది తురుష్క తెగవాడైన గెషు హాన్. కదలకుండా ఉంటేనే గెలుపని అతనంటే, బయటికెళ్లి పోరాడమని రాజధాని ఒత్తిడి చేసింది. 756లో సైన్యం నాశనమై అతను బందీ అయ్యాడు. చివరిదాకా నిలిచి పోరాడిన లీ గ్వాంగ్‌బీ ఖితాన్ వంశీకుడు. సాయానికొచ్చిన ఉత్తరాది సంచార జాతి ఉయ్‌ఘుర్ సైనికుల బాకీ మాత్రం చాలాకాలం వెంటాడింది. వాళ్ల గుర్రం ఒక్కటికి 40 తానుల పట్టు ఇచ్చి కొనాల్సి వచ్చేది.

ప్రశ్న (హైదరాబాద్ పాఠకుడు): చివరి చింగ్ చక్రవర్తులు కస్టమ్స్ శాఖను ఆంగ్లేయుల చేతికి ఎందుకిచ్చారు?

జవాబు: 1853లో తిరుగుబాటుదారులు షాంఘై నగరాన్ని పట్టుకోవడంతో సుంకాల వసూలు ఆగింది. 1854లో విదేశీ తనిఖీదారులతో సుంకాలు వసూలు చేయించే ఏర్పాటు మొదలైంది. 1863లో అధిపతి అయిన రాబర్ట్ హార్ట్ ఉత్తర ఐర్లండ్ ప్రాంతంవాడు. 1911లో చనిపోయేదాకా పదవి అతని పేరునే ఉంది. ఇది చైనా ప్రభుత్వ శాఖ, విదేశీ శాఖ కాదు అని 1864లోనే సిబ్బందికి ఉత్తర్వు రాశాడు. 1885లో బ్రిటన్ తన రాయబారిగా ఉండమని పిలిచినా వెళ్లలేదు.