కోఠీ రెసిడెన్సీ కొలతలకు వెళ్లే ముందు

చి. అమ్ములుకు పెద్దనాయిన ఆశీస్సులు.

నీ థీసిస్ కోసం కోఠీ రెసిడెన్సీని, అంటే నిజాం దగ్గరుండే బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) కోసం హైదరాబాద్‌లో కట్టిన ఆ పాత భవనాన్ని, కొలిచి డ్రాయింగులు గీయబోతున్నావని మీ నాయిన ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది బిడ్డా. ఉద్యోగమంతా పాత కట్టడాల డ్రాయింగుల మధ్య గడిపినవాణ్ని కదా, నువ్వు అడక్కపోయినా రాయకుండా ఉండలేకపోయాను. కాస్త పొడుగైనా ఓపికగా చదువు.

అన్నిటికంటే ముందు ఈ సంగతి. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ 1803 ప్రాంతంలో ఎలాంటి భవనం ఊహించాడో అది తరువాత ఆలోచిద్దువు గాని. నువ్వు టేపు పట్టుకుని వెళ్లిన రోజున అక్కడ ఏది ఎలా ఉందో దాన్నే గియ్యి. గోడ రెండంగుళాలు వాలి ఉంటే డ్రాయింగులోనూ వాలాలి. ఎడమ కిటికీ కుడిదానికంటే వెడల్పుగా ఉంటే అలాగే ఉండాలి. కంప్యూటర్‌లో సగం భవనం గీసి, దాన్నే తిరగేసి రెండో పక్కకు అతికించడం ఇప్పుడు చాలామందికి అలవాటైపోయింది. ఉత్తరం వైపు ఆ ఆరు కొరింథియన్ (తలల మీద ఆకుల నగిషీ ఉండే) స్తంభాల ఎదుట నిలబడితే, రెండు పక్కలా ఒకటేలే అనిపిస్తుంది. ఆ మాట నమ్మకు. ప్రతి స్తంభాన్నీ విడిగా కొలువు. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే కుంగుబాటో, మరమ్మతో, మేస్త్రి చేసిన సర్దుబాటో ఉంటుంది. తిరగేసి అతికించావంటే వాటన్నిటినీ నీ చేతులతోనే చెరిపేసినట్టు.

మొదటి రోజు టేపు తీయనే వద్దు. ఆవరణంతా తిరుగు. రెసిడెన్సీ అంటే ఒక్క దర్బారు హాలు భవనమే అనుకుని దాని చుట్టూ తిరిగి వచ్చేవాళ్లే ఎక్కువ. గేట్లు, ప్రహరీ, వెనక ఉన్న చిన్న ఇంగ్లీషువాళ్ల శ్మశానం, తోటలో భవనానికి చేసిన చిన్న నమూనా, ఇవన్నీ ఆ ఎస్టేటులో భాగమే. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నిసా ఉండేందుకు కట్టించిన రంగ్ మహల్ 1860 ప్రాంతంలో నేలమట్టమైంది. లేదు కదా అని ఆ చోటును తెల్లగా వదిలెయ్యకు. దాని తాలూకు గోడల జాడలు, నేల ఎత్తుపల్లాలు ఏవి కనిపించినా సైట్ ప్లాన్‌లోకి ఎక్కించు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడి జరిగాక ఆవరణకు రక్షణ పెంచారు. కాబట్టి ప్రహరీలో ఏ ముక్క అంతకుముందుది, ఏది తరువాతది అన్న ప్రశ్న మనసులో పెట్టుకునే నడువు.

తిరిగాక, చేత్తో స్కెచ్ వేసుకో. స్కేలు అక్కర్లేదు, గదుల వరుస తెలిస్తే చాలు. ఒక్కో గదికి ఒక్కో కాగితం. గదికి నంబరు, తలుపుకు నంబరు, కిటికీకి నంబరు పెట్టుకుని అన్ని డ్రాయింగుల్లోనూ అవే వాడు. కొలతలు గది మూల నుంచి వరుసగా కూడుకుంటూ తీసుకో. టేపును ఒకచోటే బిగించి, తలుపు అంచు ఇంత, దాని అవతలి అంచు ఇంత అని చదువుతూ పోవాలి. ముక్కలు ముక్కలుగా కొలిస్తే ఒక్కో ముక్కలో కొంచెం తేడా చేరి చివరికి గోడ పొడుగే తప్పుతుంది. ప్రతి గదికీ రెండు కర్ణాలూ, అంటే మూల నుంచి ఎదుటి మూలకు, కొలవాలి. నాలుగు గోడలు కొలిచి గది చతురస్రమనుకుంటే సరిపోదు. కర్ణాలు సమానంగా లేకపోతే గది పక్కకు లాగినట్టే.

ఎత్తుల కోసం నీళ్లు నింపిన గొట్టం ఉంటే చాలు, లేజర్ లెవెల్ ఉంటే ఇంకా మంచిది. భవనమంతా ఒకే మట్టం గుర్తు చుట్టించి, నేలైనా గుమ్మమైనా కప్పైనా అక్కడి నుంచే పైకీ కిందికీ కొలువు. నేల సమంగా ఉందని నమ్మి నేల మీది నుంచి కొలవకు. పోర్టికో (ముందున్న స్తంభాల వసారా) మెట్లనూ గదుల నేలలనూ ఈ మట్టానికి కలిపితేనే ఏ పక్క కుంగిందో బయటపడుతుంది.

గోడ మందం మాత్రం ఎవరి మాటా నమ్మకుండా ప్రతి తలుపు దగ్గరా నువ్వే చూడు. నా అనుభవంలో పాత కట్టడం కథంతా మందాల్లోనే దొరికింది. బయటి గోడ బాగా లావుగా ఉండి, మధ్యలో ఒక గోడ మాత్రం ఒంటి ఇటుక మందంలో ఉంటే, అది చాలావరకు తరువాత వేసిన అడ్డుగోడే. 1949లో ఈ భవనంలోకి మహిళా కళాశాల వచ్చింది. తరగతులు, లైబ్రరీ, ఆఫీసులు నడవాలంటే అడ్డుగోడలూ వైర్లూ పైపులూ తప్పవు. వాటిని చెత్త కింద తీసెయ్యకు. కొన్ని తరాల ఆడపిల్లలు చదువుకున్న చోటు అది. కిర్క్‌పాట్రిక్ కాలం ఎంత చరిత్రో ఆ నల్లబల్లల కాలమూ అంతే చరిత్ర. ఇది నా గట్టి నమ్మకం, ఇందులో నీ గైడ్‌తో వాదించాల్సి వచ్చినా వెనక్కి తగ్గకు.

మార్పుల జాడలు ఎలా పట్టాలో కొంచెం వివరంగా రాస్తాను, థీసిస్‌కు ప్రాణం అదే. గోడలో పై నుంచి కిందిదాకా నిటారుగా ఒక అతుకు కనిపిస్తే, ఇటుకలు ఒకదానిలోకి ఒకటి అల్లుకోలేదంటే, రెండు భాగాలూ వేరువేరు కాలాలవి. మూసేసిన తలుపు చాలాసార్లు గూడులా లోపలికి ఉంటుంది, దాని మీద కమాను గీత పూతలోంచి బయటపడుతుంది. డంగు సున్నం పూత గోటితో గీకితే రాలే తీరు వేరు, సిమెంటు పూత మీద తట్టితే వచ్చే చప్పుడు వేరు. సున్నం గోడ మీద సిమెంటు పూసినచోట లోపలి తేమ బయటికి పోలేక ఉప్పు పూస్తుంది, పెచ్చులు లేస్తాయి. ఆ మచ్చ ఎంత ఎత్తుదాకా పాకిందో, ఏ తేదీన చూశావో ఎలివేషన్ (గోడను ఎదురుగా చూసినట్టు గీసే డ్రాయింగు) మీదే రాయి. పగుళ్లకూ అంతే. వానాకాలం ముందు ఒకసారి, వెనక ఒకసారి అదే పగులు వెడల్పు చూస్తే అది ఆగిందో ఇంకా నడుస్తోందో తెలుస్తుంది.

కొలతలు మిల్లీమీటర్లలో రాసుకున్నా, అడుగులూ అంగుళాల్లోకి మార్చి కూడా చూసుకో. రస్సెల్ మేస్త్రీలు పనిచేసింది ఇంగ్లీషు అడుగుల లెక్కలో. మార్చగానే కొన్ని కొలతలు పూర్తి అంకెలుగా కుదురుకుంటాయి, కుదరనివి పూత మందం వల్లో తరువాతి పని వల్లో తప్పాయని అనుమానించవచ్చు. అనుమానమే సుమా. కంటితో చూసింది నిండు గీతతో, నువ్వు ఊహించింది చుక్కల గీతతో ఉండాలి. ఈ హద్దు ఎక్కడా చెదరకూడదు.

ఇప్పుడు లేజర్ స్కానర్లు వచ్చాయి, ఒక్క పూటలో కోట్ల చుక్కలు పట్టేస్తాయి. దొరికితే తప్పకుండా వాడు. చేతికందని కప్పు నగిషీలకూ స్తంభాల తలలకూ దానికి మించింది లేదు. అయితే స్కానర్ చూసేది పైతోలునే. ఏ పూత కింద ఏ ఇటుక ఉందో, ఏ దూలం మారిందో అది చెప్పదు. అది చెప్పాల్సింది నువ్వు. స్కేళ్లు ఆవరణకు 1:500, భవనానికి 1:100, తలుపులకూ మెట్లకూ 1:20 పెట్టుకో. కార్నిసుల (గోడ పై అంచున ముందుకొచ్చే పట్టీల) ఒంపులు మాత్రం పూర్తి సైజులో కాగితం మీదికి ఎత్తు. సెక్షన్, అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగు, కనీసం ఒకటి దర్బారు హాలు మీదుగా, ఇంకొకటి మెట్ల మీదుగా పోవాలి.

స్కేలు అంటే ఒక కథ గుర్తొచ్చింది. రెసిడెన్సీకి స్థలం అడుగుతూ కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాన్ గీయించి చూపిస్తే, ఇంత భూమా అని నిజాం ఒప్పుకోలేదట. అదే స్థలాన్ని చిన్న కార్డు మీద గీసి తీసుకెళితే వెంటనే ఇచ్చేశాడట. నిజమైనా కాకపోయినా డ్రాయింగు పనివాళ్లం మరిచిపోకూడని కథ. ఫొటోకాపీలో, ఫోన్ తెరలో సైజు మారిపోతుంది. అందుకే అంకె ఒక్కటే రాసి ఊరుకోకుండా ప్రతి కాగితం మీదా స్కేలు పట్టీ గియ్యి. ఉత్తరం దిక్కు, తేదీ, కొలిచినవాళ్ల పేర్లు కూడా.

పాత ఆధారాల సంగతి. హైదరాబాద్ రెసిడెన్సీ రికార్డులు ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మరమ్మతులకు పెట్టిన ఖర్చుల ఉత్తరాలు ఉంటే అక్కడే వెతకాలి. లియొనార్డ్ మన్ 1912–15 మధ్య తీయించిన నగర సర్వే పటాల్లో నీ ఆవరణ ఉన్న షీటు దొరికితే పక్కన పెట్టుకో. నిజాం కాలపు ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ ఫొటోలు, 1813లో ఇంగ్లీషు చిత్రకారుడు గ్రిండ్లే గీసిన దృశ్యం చూడు, కానీ చిత్రకారుడు చెట్టును అటూ ఇటూ జరుపుతాడు, ఫొటోకున్న విలువ దానికి ఇవ్వకు. ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆధారం ఇంకోటుంది. కాలేజీ అమ్మాయిలు మెట్ల మీద దిగిన గ్రూప్ ఫొటోలు. ఏ సంవత్సరం బ్యాచ్ అన్నది తెలుస్తుంది, వెనక తలుపులూ రంగులూ కనిపిస్తాయి. పాత విద్యార్థినుల ఇళ్లల్లో అడుగు. ఎక్కడ ఏ గోడ ఎప్పుడు కట్టారో పాత అటెండర్లకూ ఎలక్ట్రీషియన్లకూ తెలుస్తుంది. వాళ్లు చెప్పింది వాళ్లు చెప్పినట్టే రాసుకో, గోడ దగ్గరికి వెళ్లి సరిచూసుకో.

ఇక అందరూ వదిలేసే పని. 2002లో పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తన ప్రమాద జాబితాలో చేర్చిన తరువాత ఈ భవనానికి పెద్ద ఎత్తున బాగుచేత జరిగింది. ఏ బాగుచేతకైనా మూడు సెట్లు ఉండాలి: చెయ్యకముందు ఉన్నది, చెయ్యాలనుకున్నది, చివరికి చేసింది. మొదటి రెండూ అనుమతుల కోసం, బిల్లుల కోసం ఎలాగో తయారవుతాయి. మూడోది గీసేసరికి డబ్బులూ మనుషులూ అయిపోతారు. ముప్ఫై ఏళ్ల తరువాత వచ్చే ఇంజనీరు రెండో సెట్టునే నమ్ముకుని, లేని దూలం ఉందనుకుంటాడు. నువ్వు పోగలిగితే ఈ మూడో సెట్టు వైపే పో. ఏ రాయి కొత్తది, ఏ చెక్క మార్చారు, ఏ సున్నం కలిపారు అన్నది ఎలివేషన్ల మీద రంగు గుర్తులతో చూపించు.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, అమరావతి మహాచైత్యం (పాత బౌద్ధ స్తూపం) గుర్తుంది నాకు. కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు 1816 నుంచి అక్కడి శిల్పాల పలకలను ఒక్కొక్కటీ గీశారు. తరువాత స్తూపం ముక్కలైపోయింది, కొన్ని పలకలు లండన్‌కు, కొన్ని చెన్నైకి చేరాయి, కొన్ని ఎటుపోయాయో జాడ లేదు. ఆ జాడ లేనివి ఇవాళ బ్రిటిష్ లైబ్రరీలోని ఆ డ్రాయింగుల్లో మాత్రమే ఉన్నాయి. అందంగా సరిదిద్ది గీసుంటే మనకు మిగిలేది ఏముంది?

టెర్రస్ మీదికీ చీకటి గదుల్లోకీ ఒక్కదానివే పోకు. చేతి స్కెచ్‌లు తడిసినా చిరిగినా పారెయ్యకు, స్కాన్ చేసి అసలువి కూడా కాలేజీలో దాయించు. సాఫ్ట్‌వేర్ ఫైళ్లు పదేళ్లకే తెరుచుకోవడం మానేస్తాయి, అన్నిటికీ పీడీఎఫ్ కాపీ, మంచి కాగితం మీద ఒక ప్రింటు ఉండాలి.

మెట్ల మీదుగా తీసిన మొదటి సెక్షన్ నాకు పంపించు. శుభ్రంగా గీసినది కాదు, అక్కడే నిలబడి పెన్సిల్‌తో కొలతలు రాసుకున్నది. ఎర్ర పెన్ను తీసి పెట్టుకున్నాను.

ఇట్లు
మీ పెద్దనాయిన