మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడు

పర్లాకిమిడి

చిట్టీ,

విశాఖలో ఉద్యోగం మానేసి, గుణుపురంలో మీ నాన్న పొలంలోనే కూరగాయల నారు పెంచి అమ్ముతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంటి పిల్ల వంశధార ఒడ్డుకి తిరిగొస్తోందంటే గర్వంగానే ఉంది. కానీ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

షేడ్‌నెట్, ట్రేలు, నీళ్ల ట్యాంకు నువ్వు చూసుకోగలవు. విత్తనాల బిల్లులు దాచు. నా భయమంతా మందు పంపు మీదే.

మీ నాన్న వంగమడిలో చేసిన పని నీకెవరూ చెప్పి ఉండరు. ఆకులు పసుపు రంగుకి తిరిగాయని యూరియా గుప్పిళ్లతో నీళ్లలో వేసి, పురుగుమందూ కలిపి, మిట్టమధ్యాహ్నం కొట్టేశాడు. రెండ్రోజుల్లో ఆకుల అంచులు మాడి, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయాయి.

ఆకు మీద నీళ్లు వృథాగా పోకుండా మైనంలాంటి పొర ఉంటుంది. గాలి పీల్చే పత్రరంధ్రాలు వంగ, మిరపల్లో అడుగువైపే ఎక్కువ. ఒక్కో రంధ్రానికి అటూ ఇటూ రెండు రక్షక కణాలు. నీళ్లతో ఉబ్బితే తెరుచుకుంటాయి, నీళ్లు తగ్గితే మూసుకుంటాయి. ఎండకి తాళలేక మొక్క వాటిని మూసుకున్న వేళ వీడు చిక్కటి యూరియా పోశాడు. నీళ్లు చిటికెలో ఆరిపోయి, మిగిలిన యూరియా ఆకుని కాల్చేసింది. పొద్దున్నో సాయంత్రమో అయితే తడి నిలుస్తుంది, ఆకు నెమ్మదిగా పీల్చుకుంటుంది. లేత నారుకి లీటరుకి 5 గ్రాములు మించొద్దు, అదీ నాలుగు మొక్కల మీద చూశాకే.

అసలు ఆ మడికి యూరియా అక్కర్లేదమ్మా! నత్రజని తక్కువైతే మొక్క ముదురాకుల్లోది లాగి చిగురుకి పంపుతుంది, అందుకని కింది ఆకులు ముందు పసుపు రంగుకి తిరుగుతాయి. అక్కడ పసుపు రంగుకి తిరిగింది చిగురు. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. అది ఇనుము అందకపోవడం. మడిలో నీళ్లు నిలిచి వేర్లకి ఊపిరాడలేదు. ముందు కాలవ తీయాల్సింది. ఆకుని వెలుగుకి పెట్టి ఒక్క నిమిషం చూసి ఉంటే తెలిసేది. ఆ ఈనెల్లోంచే వేరు తెచ్చిన నీళ్లు ఆకుకి వస్తాయి, ఆకు వండిన చక్కెర కిందికి వెళ్తుంది.

నీ ట్రేలలో కాండాలూ ఆకుకాడలూ సన్నగా సాగుతుంటే అది బలం అనుకోకు. వెలుగు కోసం ఎగబడుతున్నాయన్నమాట; ట్రేల మధ్య ఎడం పెంచు. కొన విరిగిన మొక్కని పారేయకు, ఆకుకాడ మొదట్లో మొగ్గ ఉంటుంది, అక్కణ్ణించి కొమ్మ వస్తుంది.

ఆ రోజు ఎదురుగాలికి మందంతా మీ నాన్న కళ్లలో పడింది. ఎన్ని నీళ్లు పోసి కడిగినా మంట తగ్గలేదు. రాత్రంతా వాడి పక్కనే కూర్చున్నాను, చూపు పోతుందేమోనని. నువ్వు కళ్లద్దాలు, మాస్కు, చేతి తొడుగులు లేకుండా పంపు ముట్టుకున్నావంటే ఊరుకోను. పనివాళ్లకీ అవన్నీ కొను, డబ్బులు నేనిస్తా.

వచ్చే ఆదివారం గుణుపురం రైలెక్కి వస్తాను, భూతద్దం తెస్తాను. తెల్లదోమ, నల్లి అన్నీ ఆకు అడుగునే దాక్కుంటాయి. నేను వచ్చేదాకా ఏ మందూ కొనకు. మధ్యాహ్నానికి పప్పుచారు చాలు, హడావిడి పెట్టుకోవద్దని మీ అమ్మకి చెప్పు.

మీ అత్త