కోర్సులన్నీ ఒకే కాలమ్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న: డేటాబేస్‌లు నేర్చుకుంటూ ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో చిన్న ప్రాజెక్టు చేస్తున్నాను. విద్యార్థుల టేబుల్‌లో ఒక్కొక్కరు చేరిన కోర్సుల నంబర్లను ‘1,4,11’ అంటూ కామాలతో ఒకే కాలమ్‌లో పెట్టాను. 1వ నంబరు కోర్సు వాళ్లను వెతికితే 11, 21 కోర్సుల వాళ్లూ వచ్చేస్తున్నారు. ఎలా సరిచేయాలి?

జవాబు: మీరు ‘లైక్’తో ‘%1%’ అని, అంటే 1కి ముందూ వెనకా ఏమున్నా సరేనని వెతుకుతున్నట్టున్నారు. 1 అనే అంకె ఎక్కడ కనిపించినా ఆ షరతుకు చాలు. అయితే అసలు తప్పు క్వెరీలో (వెతకమని ఇచ్చే ఆదేశంలో) లేదు, టేబుల్ డిజైన్‌లో ఉంది. ఒక గడిలో ఒకే విలువ ఉండాలన్నది ఇక్కడ మొదటి నియమం. గడిలో ఇలా కామాలతో జాబితా కనిపించిందంటే ఇంకో టేబుల్ కావాలని అర్థం. కోర్సు1, కోర్సు2, కోర్సు3 అని కాలమ్‌లు పెంచినా తిప్పలు తప్పవు. ఎవరైనా నాలుగో కోర్సులో చేరగానే మళ్లీ టేబుల్ మార్చాలి.

ఒక విద్యార్థికి అనేక కోర్సులు, ఒక కోర్సులో అనేకమంది విద్యార్థులు ఉన్నప్పుడు మధ్యలో మూడో టేబుల్ ఉండాలి. దానికి ‘నమోదులు’ అని పేరు పెట్టండి. అందులో విద్యార్థి ఐడీ, కోర్సు ఐడీ, చేరిన తేదీ చాలు. ‘1,4,11’ ఉన్న విద్యార్థికి ఇప్పుడు మూడు వరుసలు వస్తాయి. పేరు, కోర్సు టైటిల్ ఇక్కడ మళ్లీ రాయొద్దు. రెండు చోట్ల ఉంటే ఒక చోట మార్చి, రెండో చోట మరిచిపోతాం.

రెండు ఐడీలనూ కలిపి ప్రైమరీ కీగా, అంటే ఒక్కో వరుసను విడిగా గుర్తించే విలువగా పెట్టండి. ఒకే విద్యార్థి ఒకే కోర్సులో రెండుసార్లు నమోదు కాకుండా డేటాబేసే ఆపుతుంది. రెండింటికీ ‘నాట్ నల్’ (విలువ లేకుండా ఉండకూడదు) అని తప్పకుండా రాయండి. ఎస్‌క్యూలైట్ మామూలు టేబుళ్లలో ఇలాంటి ప్రైమరీ కీలోకి కూడా నల్‌ను రానిస్తుంది.

చాలామంది దెబ్బతినేది ఫారిన్ కీ దగ్గర, అంటే ఇక్కడ రాసిన ఐడీ దాని అసలు టేబుల్‌లో ఉండి తీరాలన్న షరతు దగ్గర. టేబుల్‌లో రాసినా ఎస్‌క్యూలైట్ దాన్ని మామూలుగా అమలు చేయదు. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ‘ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్’ అనే సెట్టింగ్ ఆదేశం నడపాలి, అదీ ట్రాన్సాక్షన్ (ఒకటిగా జరిగే మార్పుల గుంపు) మొదలుకాకముందే. లేకపోతే లేని కోర్సు నంబరునూ కిక్కురుమనకుండా చేర్చుకుంటుంది. ఆన్ చేసినంత మాత్రాన పాత తప్పులు బయటపడవు. వాటికి ‘ప్రాగ్మా ఫారిన్_కీ_చెక్’ నడపండి, తప్పుడు వరుసలు చూపిస్తుంది.

ఇక ‘కోర్సు ఐడీ = 1’ అంటే సరిగ్గా ఆ కోర్సు వాళ్లే వస్తారు. కీలో విద్యార్థి ఐడీ ముందుంటే కోర్సును బట్టి చేసే వెతుకులాటకు ఆ కీ పెద్దగా సాయపడదు. కోర్సు ఐడీ మీద విడిగా ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) వేయండి. ఎవరు ఎన్ని కోర్సుల్లో ఉన్నారో లెక్కించడానికి లెఫ్ట్ జాయిన్ (ఏ కోర్సూ లేని విద్యార్థులనూ వదలకుండా టేబుళ్లను కలిపే పద్ధతి) వాడితే, కౌంట్‌లో నక్షత్రం గుర్తు కాకుండా కోర్సు ఐడీ ఇవ్వండి. నక్షత్రం పెడితే ఏ కోర్సులోనూ లేనివారికి కూడా 1 వస్తుంది.

ప్రశ్న: ఫోన్ నంబరు ఇవ్వనివాళ్లను ‘ఫోన్ = నల్’ అని వెతికితే ఒక్కరూ రావడం లేదు. ఎందుకు?

జవాబు: నల్ అంటే విలువ తెలియదని. తెలియనిదాన్ని దేనితో పోల్చినా జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు. అందుకే ఆ వరుసలు రావు. ‘ఫోన్ ఈజ్ నల్’ అని రాయండి. ఫోన్ కాలమ్‌ను ఇంటీజర్‌గా పెట్టి ఉంటే టెక్స్ట్‌గా మార్చండి, లేదంటే నంబరు మొదట్లోని సున్నా పోతుంది.