కోడ్ కబుర్లు: రెండువేల లైన్ల ఫంక్షన్‌ని పీకి పారేద్దామా?

పోయిన నెల ఇక్కడ జీసీసీ అనే కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రాంని మెషీన్ కోడ్‌గా మార్చేది) గురించి రెండు ముక్కలు రాశాను, అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కంపైలర్ల మీదే. సరే, ఈసారికి అవే కానిద్దాం. ఫోన్ బ్యాటరీ ప్రశ్నలు పంపినవాళ్లు ఇంకో నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, నేను ఒక చిప్ కంపెనీ కంపైలర్ టీమ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. మా ప్రాసెసర్‌కి ఎల్‌ఎల్‌వీఎం (ఇంకో పెద్ద ఓపెన్ సోర్స్ కంపైలర్)లో బ్యాకెండ్, అంటే మా చిప్‌కి మెషీన్ కోడ్ ఇచ్చే భాగం, మేమే చూసుకుంటాం. అందులో ఒక ఫంక్షన్ 2,300 లైన్లు ఉంది, రాసినాయన ఎప్పుడో వెళ్లిపోయాడు, కామెంట్లు లేవు, ఎక్కడ ముట్టుకున్నా ఎక్కడో టెస్ట్ పోతుంది. మొత్తం తీసేసి మూడు నెలల్లో కొత్తగా రాస్తానని మేనేజర్‌కి చెప్దామనుకుంటున్నా. చెప్పొచ్చా? – ఒక పాఠకుడు, కొండాపూర్

చెప్పకండి బాబూ. ఇల్లు పీకి పందిరి వేసినట్టవుతుంది.

ముందు ఒక సంగతి, 2,300 లైన్లు ఈ లోకంలో పెద్ద లెక్కేం కాదు. అదే ఎల్‌ఎల్‌వీఎంలో ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు) బ్యాకెండ్‌కి ఉన్న లోవరింగ్ ఫైలు, అంటే కోడ్‌ని ఆ ప్రాసెసర్‌కి తగ్గట్టు దించే ఫైలు, ఒక్కటే యాభై వేల లైన్లు దాటింది, బ్రౌజర్‌లో తెరిస్తే ఫైలు చాలా పెద్దది చూపించలేం అంటుంది. దాంతోనే ప్రపంచమంతా రోజూ పనిచేసుకుంటోంది. అది బాగుంది అనట్లేదు, ఎవరికీ బాగుండదు. కానీ అందులో వింతగా కనిపించే ప్రతి ఇఫ్ (ఫలానా అయితే ఇలా చెయ్యి అనే షరతు) వెనక ఎవరో ఒకరి ఏడుపు ఉంటుంది. ఒక ప్రోగ్రాం తప్పు జవాబు ఇచ్చింది, ఎవరో రెండు రాత్రులు కూర్చుని కనిపెట్టారు, ఆ ఇఫ్ పెట్టారు, వెళ్లిపోయారు. మీరు కొత్తగా రాస్తే ఆ ఇఫ్‌లన్నీ పోతాయి, ఆ బగ్గులన్నీ ఒక్కొక్కటీ మళ్లీ తిరిగొస్తాయి, ఈసారి రెండు రాత్రులు కూర్చునేది మీరు.

కాబట్టి ముందు గిట్ బ్లేమ్ తియ్యండి, ఏ లైన్ ఎవరు ఎప్పుడు రాశారో చూపించేది. ప్రతి వింత ఇఫ్‌కీ అది ఏ కమిట్‌లో (ఒకేసారి ఎక్కించిన మార్పుల కట్ట) వచ్చిందో, దానితోపాటు ఏ టెస్ట్ వచ్చిందో చూడండి. తర్వాత మీ మెషీన్‌లో ఆ ఇఫ్ తీసేసి టెస్టులు రన్ చెయ్యండి, ఏదో ఒకటి పోతే మంచిదే, ఆ ఇఫ్ ఎందుకుందో తెలిసింది. ఏదీ పోకపోతే రెండే అవకాశాలు, అది చచ్చిపోయిన కోడ్ అయినా అయ్యుండాలి, లేదా దానికి టెస్ట్ రాయడం మర్చిపోయి ఉండాలి. రెండోదే ఎక్కువసార్లు. అప్పుడు కోడ్ ముట్టుకోకుండా ముందు టెస్ట్ రాసి ఎక్కించండి.

పెద్ద మార్పులు అసలు చెయ్యకూడదా అంటే చెయ్యాలి, చేశారు కూడా. ఎల్‌ఎల్‌వీఎం పాయింటర్ల కథ చెప్తా, నాకు చాలా ఇష్టమైన కథ. వాళ్ల ఇంటర్మీడియట్ కోడ్‌లో (మన ప్రోగ్రాంకీ మెషీన్ కోడ్‌కీ మధ్య రూపం) మొదట్నుంచీ పాయింటర్ (మెమరీలో ఒక అడ్రస్) అంటే దేనికి పాయింటరో కూడా రాయాల్సిందే, ఐ32 స్టార్, ఐ8 స్టార్ ఇలా. అదే అడ్రస్‌ని ఇంకో రకంగా చూడాలంటే మధ్యలో బిట్‌కాస్ట్ అని ఒక ఇన్‌స్ట్రక్షన్. అది నిజంగా ఏ పనీ చెయ్యదు, ప్రాసెసర్ దాకా పోదు కూడా. కానీ ప్రతి ఆప్టిమైజేషన్ పాస్ (కోడ్‌ని మెరుగుపరిచే ఒక్కో విడత) దాన్ని దాటుకుని అవతల ఏముందో తొంగి చూడాలి, ఎక్కడో ఒకచోట చూడటం మర్చిపోతే అక్కడ ఆప్టిమైజేషన్ జరగదు. అడ్రస్ అంటే అడ్రసే కదా, ఈ రకాల గోల తీసేద్దాం అనుకున్నారు. అనుకుని ఒక్క రోజులో తీసేశారా? 2015లో ముందు లోడ్, గెట్ఎలిమెంట్‌పాయింటర్ లాంటి ఇన్‌స్ట్రక్షన్లకి వాటి టైప్‌ని విడిగా రాయడం మొదలుపెట్టారు. అప్పటికి అది దండగ, పాయింటర్‌లో ఉన్న సమాచారమే పక్కన ఇంకోసారి రాస్తున్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్కొక్క పాస్‌లోకి వెళ్లి, నువ్వు దేన్ని చూపిస్తున్నావు అని పాయింటర్‌ని అడిగే లైన్లని ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చారు. తర్వాత పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ ఒక ఫ్లాగ్‌తో నడిచాయి, 2022లో ఎల్‌ఎల్‌వీఎం 15కి కొత్తది డీఫాల్ట్ అయింది, 2023లో ఎల్‌ఎల్‌వీఎం 17కి పాతది పూర్తిగా పీకేశారు. ఎనిమిదేళ్లు! మధ్యలో ఏ రోజు చూసినా కంపైలర్ పనిచేస్తూనే ఉంది, ఆరు నెలలకో రిలీజ్ వస్తూనే ఉంది.

ఇందులో నేను గొప్ప అనుకునేది ఆఖర్న పాతదాన్ని పీకడం. అదే చాలామంది చెయ్యరు. జీసీసీలో రీలోడ్ అని ఒక పాత పాస్ ఉంది, రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోట్లు) పంచేశాక ఇన్‌స్ట్రక్షన్‌కి సరిపడనివాటిని సర్దేది, దాని పేరు చెప్తే పాత జీసీసీ వాళ్లు ఇప్పటికీ నుదురు కొట్టుకుంటారు. దాని బదులు ఎల్‌ఆర్‌ఏ అనే కొత్త పాస్ 2013లో 4.8 వెర్షన్‌లో ఎక్స్86కి వచ్చింది, మిగతా ప్రాసెసర్లు ఒక్కొక్కటిగా మారుతూ వచ్చాయి, కానీ ఎవరూ పట్టించుకోని పాత ప్రాసెసర్లు కొన్ని మారలేదు, వాటి కోసం రీలోడ్‌ని పదేళ్లు దాటినా మోస్తూనే వచ్చారు. ఎల్‌ఎల్‌వీఎం వాళ్లనీ వదిలిపెట్టను, ఇన్‌స్ట్రక్షన్ సెలెక్షన్‌కి (ఏ పనికి ప్రాసెసర్‌లోని ఏ ఇన్‌స్ట్రక్షన్ వాడాలో ఎంచుకోవడానికి) గ్లోబల్‌ఐసెల్ అని కొత్తది మొదలుపెట్టి పదేళ్లయింది, ఎక్స్86లో ఓ2 (బాగా ఆప్టిమైజ్ చెయ్యమనే ఆప్షన్) పెడితే ఇప్పటికీ వచ్చేది పాత సెలెక్షన్‌డాగే. అంటే ఒకే పనికి రెండు యంత్రాలు, బగ్ వస్తే రెండు చోట్లా చూడాలి, కొత్తగా చేరిన పిల్లాడు రెండూ నేర్చుకోవాలి. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

మీ మేనేజర్‌ని మూడు నెలలు అడగొద్దు, వారానికి ఒక రోజు అడగండి. ఆ ఒక్క రోజులో ఆ ఫంక్షన్‌లోంచి ఒక ముక్క బయటికి తీసి, పేరు పెట్టి, టెస్ట్ రాసి ఎక్కించండి. మీ బ్యాకెండ్ కాబట్టి, పాత కంపైలర్‌తోనూ కొత్తదానితోనూ అదే కోడ్ కంపైల్ చేసి ఆబ్జెక్ట్ ఫైళ్లు (వచ్చిన మెషీన్ కోడ్) పక్కపక్కన పెట్టి పోల్చడం మీ చేతిలో పని. ఒక్క బైట్ తేడా వచ్చినా మీరు చేసింది రీఫాక్టరింగ్ (పని మారకుండా కోడ్ సర్దడం) కాదు, ఇంకేదో.

ప్రశ్న: సార్ నేను బీటెక్ మూడో సంవత్సరం. ఒక పెద్ద ఓపెన్ సోర్స్ కంపైలర్‌కి మొదటి ప్యాచ్ పంపాను. పదిహేడు ఫైళ్లలో ఇండెంటేషన్ సరిచేసి, వేరియబుల్ పేర్లు ఒకే పద్ధతిలోకి మార్చాను. మూడు వారాలైనా ఎవరూ పలకలేదు, తర్వాత ఒకరు వద్దు అన్నారు. నేను మంచే కదా చేశాను? – ఒక విద్యార్థి, వరంగల్

మంచే చేశావు తమ్ముడూ, కాకపోతే అడక్కుండా పక్కింటి వాళ్ల అటక సర్దినట్టు చేశావు. ఇందాక కొండాపూర్ ఆయనకి చెప్పానే గిట్ బ్లేమ్ తీసి చూడమని, నువ్వు పదిహేడు ఫైళ్లలో లైన్లన్నీ కదిపేస్తే ఆ బ్లేమ్‌లో ఇకమీదట నీ పేరే వస్తుంది, అసలు ఆ లైన్ ఎందుకు రాశారో తెలియాలంటే ఇంకా వెనక్కి తవ్వాలి. ఇంకో ఇబ్బంది బయటికి కనపడదు. చాలా కంపెనీలు ఆ కంపైలర్‌కి సొంత కాపీ పెట్టుకుని సొంత మార్పులు చేసుకుంటాయి, పైనుంచి కొత్త కోడ్ వచ్చినప్పుడల్లా కలుపుకుంటాయి, నువ్వు పేరు మార్చిన ప్రతిచోటా వాళ్లకి మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్, అంటే నీ మార్పూ వాళ్ల మార్పూ ఒకేచోట గుద్దుకోవడం. అందుకే ఊరికే అందం కోసం చేసే మార్పులంటే వాళ్లకి చిరాకు. ఎల్‌ఎల్‌వీఎంలో అయితే ఫార్మాటింగ్ మార్పు తప్పదు అనుకుంటే దాన్ని విడిగా ఒక కమిట్ చేసి, ఆ కమిట్ నంబర్‌ని బ్లేమ్ పట్టించుకోకూడని జాబితా ఫైల్‌లో రాస్తారు. పని మారని కమిట్లకి ముందు ఎన్‌ఎఫ్‌సీ అని పెడతారు, నో ఫంక్షనల్ ఛేంజ్ అని. ఆ మూడక్షరాలు పెట్టి లోపల పని మార్చేశావో, ఇక నీ మాట ఎవరూ నమ్మరు.

మరి ఏం చెయ్యాలి అంటే, బగ్గుల లిస్ట్ తెరువు. ఎవరో ఐదు వేల లైన్ల ఫైలు పడేసి ఇది కంపైల్ చేస్తే క్రాష్ అవుతోంది అని రాసి వెళ్లిపోతారు. దాన్ని తీసుకుని సీ-రెడ్యూస్‌తోనో ఎల్‌ఎల్‌వీఎం-రెడ్యూస్‌తోనో నమిలించి, అదే క్రాష్ వచ్చే పది లైన్లకి తెచ్చి, ఏ కమిట్ నుంచి మొదలైందో గిట్ బైసెక్ట్‌తో పట్టుకుని అక్కడ రాయి. ఒక్క లైన్ కోడ్ రాయకుండానే నీ పేరు వాళ్లకి గుర్తుంటుంది, ఆ పని చెయ్యడానికి ఎవరికీ టైమ్ ఉండదు కాబట్టి. ప్యాచ్ పంపి వారం దాటినా ఎవరూ పలక్కపోతే పింగ్ అని ఒక ముక్క రాయడం తప్పు కాదు, అందరూ చేసేదే. అన్నట్టు మీ ఊరికి మరీ దూరమేం కాదు, సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌వీఎం మీద పనిచేసే గుంపు ఉంది, ప్రోగ్రాంలని నంబర్ల వరసలుగా మార్చే ఐఆర్2వెక్ అక్కడ పుట్టిందే. వాళ్ల కోడ్ బయటే ఉంది, చదువు.

ప్రశ్న: కంపైలర్‌ని కంపైల్ చేసేది కూడా కంపైలరే అంటారు. అయితే దాని కోడ్ మార్చినప్పుడు తప్పు జరగలేదని ఎలా తెలుస్తుంది? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జీసీసీ వాళ్లు దీనికి మూడు విడతల బూట్‌స్ట్రాప్ పెట్టుకున్నారు. మీ మెషీన్‌లో ముందే ఉన్న కంపైలర్‌తో కొత్త కోడ్‌ని కంపైల్ చేస్తే వచ్చేది స్టేజ్ 1. ఆ స్టేజ్ 1తో అదే కోడ్‌ని మళ్లీ కంపైల్ చేస్తే స్టేజ్ 2. స్టేజ్ 2తో ఇంకోసారి చేస్తే స్టేజ్ 3. ఇప్పుడు రెండోదాన్నీ మూడోదాన్నీ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. ఒకే కోడ్‌ని ఒకేలా ప్రవర్తించాల్సిన రెండు కంపైలర్లు కంపైల్ చేశాయి కాబట్టి రెండూ అచ్చు ఒకేలా ఉండాలి, లేకపోతే ఏదో తేడా కొట్టింది.

ఎలాంటి తేడా అంటే, ఒకటి చెప్తా. సీ ప్లస్ ప్లస్‌లో ఒక ఫంక్షన్‌కి రెండు ఆర్గ్యుమెంట్లు (లోపలికి ఇచ్చే విలువలు) ఇస్తే ఏది ముందు లెక్క కట్టాలో భాష చెప్పదు. క్లాంగ్ (ఎల్‌ఎల్‌వీఎం వాళ్ల సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్) ఎడమ నుంచి కుడికి పోతుంది, జీసీసీ చాలాసార్లు కుడి నుంచి ఎడమకి వస్తుంది. మీరు నీట్‌గా ఉంటుందని రెండు లైన్లని కలిపి, రెండు కొత్త ఇన్‌స్ట్రక్షన్లు తయారుచేసే కాల్స్‌ని ఒకే ఫంక్షన్ బ్రాకెట్లో పెట్టారనుకోండి, క్లాంగ్‌తో కట్టిన మీ కంపైలర్ ఒక వరసలో కోడ్ ఇస్తుంది, జీసీసీతో కట్టిన అదే కంపైలర్ ఇంకో వరసలో ఇస్తుంది! చూడ్డానికి అమాయకమైన క్లీనప్. స్టేజ్ 1 క్లాంగ్‌తో కట్టి ఉంటే బూట్‌స్ట్రాప్ దీన్ని పట్టుకుంటుంది, మూడూ జీసీసీవే అయితే పట్టుకోదు.

నేను చేసిన వెధవ పని కూడా చెప్పేస్తా. చాలా ఏళ్ల క్రితం పాత ఉద్యోగంలో, స్పీడ్ పెరుగుతుందని ఒక మామూలు మ్యాప్ (కీ ఇస్తే దాని విలువ ఇచ్చే పట్టిక) తీసి హ్యాష్ మ్యాప్ పెట్టాను, కీ ఏమో పాయింటర్. టెస్టులన్నీ పాస్. రెండు వారాల తర్వాత కస్టమర్ దగ్గర్నుంచి మెయిల్, ఒకే ఫైల్‌ని రెండుసార్లు కంపైల్ చేస్తే రెండు రకాల బైనరీ వస్తోంది అని. పాయింటర్ల అడ్రస్‌లు ప్రతి రన్‌కీ మారతాయి, హ్యాష్ మ్యాప్‌లో తిరిగే వరస వాటిని బట్టి మారుతుంది, ఆ వరస ప్రకారం నేను కోడ్ బయటికి రాయిస్తున్నా. ఎల్‌ఎల్‌వీఎంలో ఇలాంటి చోట వాడటానికే మ్యాప్‌వెక్టర్ అని ఉంది, ఏ వరసలో పెట్టామో ఆ వరసలోనే ఇస్తుంది. వరస మీద ఆధారపడకూడని మ్యాపుల్ని కావాలనే వెనక నుంచి ముందుకి తిప్పి చూసే బిల్డ్ ఆప్షన్ కూడా ఉంది, నాలాంటి వాళ్ల కోసమే పెట్టారు.

ఇవి కాక యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాంలు పుట్టించే సీస్మిత్ ఉంది, 2011లో దాన్ని తయారుచేసినవాళ్లు అప్పటిదాకా ఎవరికీ తెలియని బగ్గులు 325కి పైగా కంపైలర్లలో బయటపెట్టారు. అంత వాడకంలో ఉన్న కంపైలర్లలో!

ప్రశ్న: జీసీసీ సీ భాషలో రాసిందా, సీ ప్లస్ ప్లస్‌లోనా? మా లెక్చరర్ సీ అంటారు. – ఒక విద్యార్థిని, అనంతపురం

1987లో మొదలైనప్పుడు సీ, కాబట్టి మీ లెక్చరర్‌ది పాత సరైన జవాబు. 2013లో వచ్చిన 4.8 నుంచి దాన్ని బిల్డ్ చెయ్యాలంటే సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఉండాల్సిందే. తమాషా ఏంటంటే ఆ తర్వాత దాదాపు తొమ్మిదేళ్లు ఫైళ్ల పేర్ల చివర డాట్ సీ అనే ఉండేది, లోపల సీ ప్లస్ ప్లస్, ఎడిటర్లు తికమకపడేవి. 2022 జనవరిలో అన్నిటినీ డాట్ సీసీ చేశారు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కంపైలర్ ఇంజనీరు. ఈ వారం నాలుగు వేల లైన్లు తీసేశాను అమ్మా అని ఫోన్‌లో తెగ సంబరపడిపోయాడు. రాస్తే కదండీ జీతం ఇస్తారు, తీసేస్తే ఇస్తారా? ఉద్యోగానికేం ఇబ్బంది లేదు కదా? – ఒక తల్లి, తెనాలి

ఏమీ లేదమ్మా, నిశ్చింతగా ఉండండి. రాసినవాళ్లు రాసేసి పోతారు, ఆ లైన్లు ఇక ఎవరికీ అక్కర్లేదని తేల్చడానికి నెలలు పడుతుంది. ఇందాక చెప్పిన ఎనిమిదేళ్ల పాయింటర్ల పనిలో కూడా ఆఖరి ఏడాది అంతా తీసేయడమే. అబ్బాయి సంబరపడటం న్యాయమే. కాకపోతే తీసేసిన రెండు మూడు రోజులు రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఏమీ అనకండి, ఎక్కడో ఏదో మెషీన్‌లో బిల్డ్ ఎర్రగా మారిందేమో (విఫలమైందేమో), తీసినవి మళ్లీ పెట్టాలేమో అని చూసుకుంటుంటాడు. పెట్టాల్సొచ్చినా కంగారు పడకండి, మా వాళ్లలో అది మామూలే, ముందు వెనక్కి తీసుకుని తర్వాత తీరిగ్గా ఆలోచిస్తాం.