ఇవ్వడం మానాలా, సణగడం మానాలా?

ప్రశ్న: మా వారి ఆదాయం ఏడాదిగా సగానికి పడిపోయింది. వడ్డీకి తెచ్చిన అప్పు కూడా ఉంది. అయినా ఎవరు వచ్చి అడిగినా ఆయన కాదనరు, నాకు చెప్పకుండానే ఇచ్చేస్తారు. తర్వాత తెలిసి నేను గొడవపడతాను. ‘నీ నోట కృతజ్ఞత అనే మాటే రాదు’ అంటారాయన. పొద్దున్న లేచింది మొదలు సణుగుతూనే ఉంటానని మా పెద్దమ్మాయి కూడా అంటోంది. ప్రార్థనకు కూర్చున్నా లెక్కలే గుర్తొస్తున్నాయి. నాలో విశ్వాసం తగ్గిపోయిందా? ఉన్నది మాకే చాలనప్పుడు ఇంకొకరికి ఇవ్వమని దేవుడు నిజంగా అడుగుతాడా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఇంట్లో డబ్బు మీకు తెలియకుండా బయటికి పోతోంది. రెండు, ఆ బాధ చెప్పుకునే చోటు లేక రోజంతా మాటల్లో బయటపడుతోంది. మొదటిది న్యాయమైన ఫిర్యాదు. రెండోది సణుగుడు. ఈ రెంటినీ విడదీయకుండా ‘సణగడం మానెయ్’ అని ఎవరు చెప్పినా మీ మనసుకు ఎక్కదు.

ఫిర్యాదు చేయడం అవిశ్వాసం కాదు. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని 13వ కీర్తనలో దావీదు దేవుణ్ణే నిలదీశాడు. అది ప్రార్థనగానే బైబిల్లో నిలిచింది. అరణ్యంలో ఇశ్రాయేలీయులు చేసింది వేరు. వాళ్లు దేవుని మాట వినకుండా తమ గుడారాల్లో సణిగారని 106వ కీర్తన అంటుంది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం కూడా ఒకసారి చదవండి. రోజూ పంచే సహాయం తమ విధవరాండ్రకు అందడం లేదని కొందరు సణిగారు. అపొస్తలులు వాళ్ల నోరు మూయించలేదు, విశ్వాసం తక్కువైందని తప్పుపట్టనూ లేదు. ఆ పని చూసుకోవడానికి ఏడుగురిని ఏర్పాటు చేశారు. న్యాయమైన ఫిర్యాదుకు కావలసింది ఏర్పాటు. మీ ఇంట్లో లేనిది అదే.

మీ వారిది జాలిగుండె, దాన్ని తక్కువ చేయకండి. కానీ ఎదుట నిలబడ్డ మనిషి ముఖం చూసి అప్పటికప్పుడు తీసి ఇచ్చే పద్ధతి పౌలు నేర్పింది కాదు. సణుగుకోకుండా, బలవంతంగా కాకుండా, ఎవరికి వారు ముందే మనసులో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వాలని రెండవ కొరింథీయులు 9:7 చెబుతుంది. మొదటి కొరింథీయులు 16:2లో ఇంకా వివరంగా, వారం మొదటి రోజున తన వరుమానానికి తగినంత ప్రతివాడూ పక్కన పెట్టుకోవాలని ఉంది. ముందు నిశ్చయం, తర్వాత ఇవ్వడం. ఈ వరుస తిరగబడిన ఇంట్లో ప్రతి దానమూ ఒక తగాదా అవుతుంది. ఒకరు ఇస్తారు, ఆ లోటు ఇంకొకరు మోస్తారు, మోసేవాళ్లే సణుగుతారు.

అందుకని, జీతం చేతికొచ్చిన రోజు ఇద్దరూ ఒక అరగంట కూర్చోండి. ఇంటి అద్దె, పిల్లల చదువు, భోజనం, మందులు, అప్పు వాయిదా కాగితం మీద రాయండి. వడ్డీ పెరుగుతున్న అప్పు కట్టడం కూడా క్రైస్తవ బాధ్యతే. అప్పిచ్చినవారి సొమ్ముతో మనం దాతలం కాలేం. సొంత ఇంటివారిని సంరక్షించనివాడి గురించి మొదటి తిమోతి 5:8 ఎంత కఠినంగా మాట్లాడిందో మీ వారు కూడా చదవాలి. అవన్నీ రాశాక, నూటికి రెండో మూడో వంతులు పేదల కోసం అని తీసి విడిగా ఒక కవరులో పెట్టండి. అప్పు తీరాక పెంచుకోవచ్చు. నెలాఖరున మిగిలితే చూద్దాం అనుకుంటే ఎన్నడూ మిగలదు, అందుకే మొదటి రోజే తీయాలి. ఆ కవరు మీ దగ్గర ఉండనివ్వండి, ఇచ్చేది మాత్రం ఆయన చేత్తో ఇప్పించండి. ఇన్నాళ్లూ లోటు మోసింది మీరు కాబట్టి, ఇవ్వడంలోని సంతోషంలో కూడా మీకు పాలు దక్కాలి.

కవరు ఖాళీ అయ్యాక ఎవరైనా వస్తే ‘ఈ నెలకు మా దగ్గర ఉన్నది అయిపోయిందండీ, వచ్చే నెల మొదట్లో రండి’ అని నెమ్మదిగా చెప్పడం ఆయన నేర్చుకోవాలి. ఆకలితో వచ్చినవాళ్లకు మాత్రం ఈ మాట చెప్పకూడదు. చేతిలో ఉండగా ‘పోయి రేపు రా’ అనవద్దని సామెతలు 3:28 చెబుతుంది. కాబట్టి భోజనానికి కవరుతో పని లేదు. పెద్ద మొత్తం అడిగితే ఇద్దరూ అనుకుని, ఒక రాత్రి గడిచాకే జవాబు ఇవ్వండి. చేబదులుగా ఇవ్వాల్సి వస్తే, తిరిగి రాకపోయినా ఇల్లు నడిచేంత మాత్రమే ఇవ్వండి. ఇతరుల అప్పులకు హామీగా సంతకాలు అసలే వద్దు, ఆ విషయంలో సామెతలు 22వ అధ్యాయం హెచ్చరిక సూటిగా ఉంది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. చాలనప్పుడు కూడా ఇవ్వాలా? ఒకడు తనకు లేనిదాని ప్రకారం ఇవ్వక్కర్లేదు, ఉన్నదాని ప్రకారం ఇస్తే అది దేవునికి ప్రీతికరం అని రెండవ కొరింథీయులు 8:12 చెబుతుంది. ఆ తర్వాతి వచనాలు, ఇతరులకు తేలిక కలిగించి మిమ్మల్ని కష్టపెట్టాలని కాదు, సమానంగా ఉండాలనే అంటాయి. ఉన్న చివరి పిండితో ప్రవక్తకు రొట్టె పెట్టిన సారెపతు విధవరాలి కథో, తనకున్నదంతా అయిన రెండు కాసులు కానుకగా వేసిన విధవరాలి కథో చెప్పి మీ చేత అప్పు చేయించి మరీ ఇప్పించాలని ఎవరైనా చూస్తే, మార్కు 12లో ఆ రెండు కాసుల మాటకు సరిగ్గా ముందున్న 40వ వచనం చూపించండి. విధవరాండ్ర ఇళ్లు దిగమింగేవారిని యేసు అక్కడే ఖండించాడు.

అలాగని డబ్బు తక్కువైనంత మాత్రాన ఇవ్వడం మానుకోకండి. మంచం పట్టిన మనిషి దగ్గర గంటసేపు కూర్చుంటే, రోజూ చూసుకునే ఇంటివాళ్లకు ఆ గంట నిద్ర దొరుకుతుంది. ఆస్పత్రికి తోడుగా వెళ్లడం, చదువురానివాళ్లకు దరఖాస్తు నింపిపెట్టడం కూడా ఇవ్వడమే. భోజనం పంపేటప్పుడు మీరు తినగా మిగిలింది కాకుండా, మీరు కూర్చోకముందే వాళ్ల వంతు తీసి మూత పెట్టండి. ఆ ఇంట్లో ఉప్పు, తీపి తినకూడనివాళ్లు ఉన్నారేమో ముందే కనుక్కోండి. తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బాలో పంపండి. గిన్నె పంపితే ఖాళీగా తిరిగివ్వడానికి మొహమాటపడి, లేనివాళ్లు కూడా అందులో ఏదో ఒకటి పెట్టాలని చూస్తారు. గుమ్మం దగ్గరే ఇచ్చి వచ్చేయండి, వాళ్లు తెరిచి చూసేదాకా నిలబడకండి. బట్టలైతే ఉతికి, గుండీలు సరిచూసి, మీరు వేసుకుని బయటికి వెళ్లగలిగినవే ఇవ్వండి. మీ ఇంట్లో మిగిలిన మందులు మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ప్రార్థన కూటంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ‘ఫలానా కుటుంబానికి తినడానికి లేదు, వారికోసం ప్రార్థించండి’ అని పేరు పెట్టి చెప్పేస్తారు. ఆ పేరుగలవాళ్లు మరుసటి వారం నుంచి కూటానికి రావడం మానేస్తారు. వాళ్లను అడగకుండా పేరు చెప్పకూడదు, ఇచ్చింది మనమే అనీ చెప్పకూడదు.

సణుగుడు విషయానికి వస్తే, ఒక్క వారం పాటు నోటిదాకా వచ్చిన ప్రతి మాటనూ ముందు కాగితం మీద రాయండి. పక్కనే ‘ఇది ఎవరితో చెప్పాలి?’ అని రాసుకోండి. కొన్నింటి పక్కన మీ వారి పేరు వస్తుంది. అవి డబ్బు గురించి మాట్లాడుకోవడానికి వారంలో ఒక సాయంత్రం పెట్టుకుని అప్పుడే చెప్పండి, భోజనం దగ్గర, పిల్లల ముందు వద్దు. కొన్ని దేవునికి తప్ప ఎవరికీ చెప్పలేనివి. ప్రార్థనకు కూర్చోగానే లెక్కలు గుర్తొస్తున్నాయని కుమిలిపోకండి, ఆ లెక్కల కాగితాన్నే ఆయన ముందు పెట్టండి. ఏ పేరూ రాయలేని మాటలు కొన్ని మిగులుతాయి. మీ పెద్దమ్మాయి వింటున్నవి చాలావరకు ఇవే. వదులుకోవాల్సింది వీటినే.

వదులుకునేటప్పుడు రెండు పక్కదారులు కనిపిస్తాయి. ‘వాళ్లకంటే మనం నయం’ అనుకోవడం కృతజ్ఞతలా అనిపిస్తుంది గానీ కాదు. లూకా 18లో ‘నేను ఇతరుల్లాంటివాణ్ణి కానందుకు కృతజ్ఞతలు’ అని పరిసయ్యుడు చేసిన ప్రార్థన అలాంటిదే. ఎదుటివారి లేమిని చూసి ఊరట పొందడం అలవాటైతే, వాళ్లు కాస్త బాగుపడ్డ రోజున మన మనసు చివుక్కుమంటుంది. రెండోది బేరం. ‘ఇచ్చాం కాబట్టి మా వారికి మంచి పని దొరుకుతుంది’ అని లెక్కేసుకుంటే, దొరకని ప్రతి నెలా దేవుని మీద కొత్త ఫిర్యాదు పుడుతుంది. అవసరంలో ఉన్న మనిషి ఆ రోజు అవసరం తీరింది, అంతవరకే చూడండి.

విశ్వాసం తగ్గిపోయిందా అని అడిగారు. దేవుడు నిజంగా అడుగుతాడా అని తెలుసుకోవాలనుకునే మనిషిలో విశ్వాసం బతికే ఉంది. కానీ రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరుకు చూపించుకోండి, అది ప్రార్థన లోపం కాదు. అలాగే ఇంట్లో తాగుడో, కొట్టడమో ఉండి మీరు రాయలేదేమో. ఉంటే దాన్ని సణుగుడు అనుకుని ఓర్చుకోవద్దు, నమ్మదగిన మనిషికి వెంటనే చెప్పండి.

మీ వారితో మాట మొదలుపెట్టడానికి ఇలా అనండి: ‘ఏమండీ, ఇవ్వొద్దని నేననను. ఎంత ఇవ్వాలో ఇద్దరం కలిసి అనుకుందాం, ఇచ్చేటప్పుడు నేనూ వస్తాను.’ పాత ఇవ్వడాల లెక్క ఆ రోజు తీయకండి. అమ్మాయికి అప్పు అంకెలన్నీ చెప్పి బరువు పెట్టకుండా, నెలకొకసారి ఆ కవరు ఎవరికి వెళ్లాలో తననే ఆలోచించి చెప్పమనండి.